ఎస్ అక్షరపు విశేషణాలు – మన పిల్లలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో విద్య గురించి ఎవరో ఒకరు మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు మా బడికి వచ్చి, "మాస్టర్ సాబ్, ఈ ఏడు మీరే మాట్లాడాలి. కాని విద్య యొక్క ఆవశ్యకత అంటూ మొదలుపెట్టకండి, అది చాలా ఏళ్ళుగా వింటూనే ఉన్నాము. ఏదైనా పనికొచ్చే మాట చెప్పండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చింది.

మేము ఉర్దూ మీడియం బడి పంతులం. మాకు తెలిసిన విద్య పెద్దదేమీ కాదు. పిల్లలకు ఉర్దూలో లెక్కలు, సాంఘిక శాస్త్రం చెబుతాము. ఇంగ్లీషు పంతులు లేని ఏళ్ళలో ఇంగ్లీషు కూడా మేమే చెబుతాము. అటువంటి ఏళ్ళే ఎక్కువ. అందుచేత ఇవాళ ఇంగ్లీషులో ఒకే ఒక్క అక్షరాన్ని తీసుకుంటున్నాము. అది ఎస్. ఎస్‌తో మొదలయ్యే విశేషణాల గురించి నాలుగు మాటలు చెబుతాము. మనిషి ఎటువంటివాడు, వస్తువు ఎటువంటిది అని చెప్పే మాటను మనం ఉర్దూలో సిఫత్ అంటాము, తెలుగులో విశేషణం అంటారు, ఇంగ్లీషులో అడ్జెక్టివ్ అంటారు. స్ట్రాంగ్, స్మాల్, స్మార్ట్, సింపుల్, సిన్సియర్, స్ట్రిక్ట్, శాడ్, సిల్లీ, స్లో – ఇవన్నీ ఆ కోవలోవే.

ఇరవై ఆరు అక్షరాలుండగా ఈ ఒక్కటే ఎందుకని మీరడగవచ్చు. మూడు కారణాలున్నాయి. ఇంగ్లీషు నిఘంటువు ఏది తెరిచినా సాధారణంగా అన్నిటికంటే లావుగా ఉండే భాగం ఎస్‌దే. ఇది మొదటిది. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పిల్లల నాలుక అన్నిటికంటే ఎక్కువగా తడబడేది ఈ అక్షరం దగ్గరే. ఇది రెండవది. మూడవది మా సొంత తప్పుకు సంబంధించినది. అది చివర చెబుతాము.

ముందు నాలుక సంగతి చూద్దాము. మన పిల్లవాణ్ణి స్ట్రాంగ్ అనమంటే ఇస్ట్రాంగ్ అంటాడు. స్మాల్ అంటే ఇస్మాల్. స్కూలు అంటే ఇస్కూల్. పిల్లవాడిదాకా ఎందుకు, ఇక్కడున్న పెద్దల్లో సగంమందిమి అలాగే అంటాము. పల్లెల్లో తెలుగువాళ్ళు కూడా చాలామంది ఇస్కూలు అనే అంటారు. కాని వాళ్ళను ఎవరూ ఎత్తిపొడవరు. మన పిల్లలంటే మాత్రం, "ఉర్దూ మీడియమా?" అని వెంటనే అడుగుతారు.

కొన్నేళ్ళ క్రిందట మా బడి నుండి ఒక ఎనిమిదో తరగతి అమ్మాయిని వక్తృత్వపు పోటీకి తీసుకుపోయాము. ఐదు నిమిషాల ఉపన్యాసం, వారం రోజులు కష్టపడి కంఠతా పట్టింది. మొదటి వాక్యంలోనే స్ట్రాంగ్ అనే మాట ఉంది. ఇస్ట్రాంగ్ అన్నది. హాలులో పిల్లలు నవ్వారు. పక్కన కూర్చున్న పెద్దలు కూడా కొందరు నవ్వారు. ఆ బిడ్డ ఉపన్యాసం పూర్తి చేసింది గాని, ఆ తర్వాత బడిలో చదివినన్నాళ్ళూ వేదిక ఎక్కలేదు. ఆ మాటను ఆ వాక్యంలో పెట్టింది మేమే. ముందు ఆ మాటను పలికించి చూడవలసిన బాధ్యత కూడా మాదే.

అప్పటి నుండి ఈ "ఇ" ఎక్కణ్ణుంచి వస్తున్నదని వెతకసాగాము. తెలుసుకున్నకొద్దీ మా సిగ్గు పోయింది. మీ సిగ్గు కూడా పోవాలని చెబుతున్నాము.

అరబ్బీ భాషలో ఏ మాటా అచ్చు లేని అక్షరంతో మొదలు కాదు. మన పిల్లలు ఖాయిదాలో జబర్, జేర్, పేష్, జజమ్ నేర్చుకుంటారు గదా. జజమ్ ఉన్న అక్షరాన్ని సాకిన్ అంటాము. సాకిన్‌తో మాట మొదలవదు. అందుచేత బయటి భాషల నుండి అటువంటి మాట వచ్చినప్పుడు, దాని ముందర ఒక అచ్చును చేర్చుకున్నారు. గ్రీకు దేశపు తత్త్వవేత్త ప్లేటో మనకు అఫ్లాతూన్ అయినది అందుకే. లాటిన్‌లో పశువుల కొట్టాన్ని స్టాబులం అనేవారు. అది అరబ్బీలో ఇస్తబల్ అయింది. గుర్రపుశాలకు మనం వాడే మాట అదే. గ్రీకువారి స్పోంగోస్ మనకు ఇస్ఫంజ్ అయింది, ఇంగ్లీషులో స్పాంజి అయింది.

ఫారసీ సంగతి ఇంకా వింతగా ఉంటుంది. నిలబడటానికి సంస్కృతంలో స్థా అనే ధాతువు ఉంది. స్థిరం, స్థానం అనే తెలుగు మాటలు దాని సంతానమే. ఇంగ్లీషులో స్టాండ్ దాని బంధువే. ఫారసీలో అదే ధాతువు ఇస్తాదన్ అయింది. చూశారా, ముందర "ఇ" వచ్చింది. ఇంగ్లీషులో నక్షత్రాన్ని స్టార్ అంటారు, ఫారసీలో సితారా. ఇక్కడ "ఇ" ముందర గాక మధ్యలో దూరింది. అంటే స, త కలిసి వచ్చినప్పుడు వాటి మధ్యనో ముందరనో ఒక చిన్న అచ్చు పెట్టుకోవటం మన భాషలకు వందల ఏళ్ళ అలవాటు. పంజాబీ సోదరులు సకూల్ అంటారు, మనం ఇస్కూల్ అంటాము. ఇద్దరిదీ ఒకటే ఇబ్బంది. విడదీసుకున్న చోటు మాత్రం వేరు.

ఇది ఆసియా ఖండపు జబ్బు అనుకునేరు. కాదు. లాటిన్‌లో బడిని స్కోలా అనేవారు. స్పెయిన్ దేశంవారు దాన్ని ఎస్కుయేలా చేసుకున్నారు, పోర్చుగీసువారు ఎస్కోలా చేసుకున్నారు. ఫ్రెంచివారు కూడా మొదట ముందర "ఎ" చేర్చుకొని, తర్వాత "స"ను వదిలేసి ఎకోల్ అన్నారు. ఆ ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి మాటలు వేలకు వేలు వచ్చాయి. అందుకే ఇంగ్లీషులో నేటికీ స్పెషల్ ఉంది, ఎస్పెషల్ కూడా ఉంది. స్టేట్ ఉంది, ఎస్టేట్ ఉంది. ఇవి జంట మాటలు. ఒకటి ముందరి అచ్చుతో, ఇంకొకటి అది లేకుండా. స్ట్రేంజ్ అనే విశేషణం కూడా పాత ఫ్రెంచిలో ఎస్ట్రాంజ్. ఇంగ్లీషువారు ముందరి అచ్చును తీసేశారు.

కాబట్టి ఇస్ట్రాంగ్ అన్న బిడ్డ తెలివితక్కువది కాదు. స్పెయిన్ దేశం మొత్తం జారిన మెట్టు దగ్గరే ఆ బిడ్డా జారింది.

అయితే కారణం తెలిసింది గదా అని తప్పును అలాగే ఉంచుకోమని మేము చెప్పటం లేదు. పరీక్షలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఎదుటివాడు స్పెయిన్ చరిత్ర వినడు. దిద్దుకోవాలి. దానికి మేము బడిలో వాడే ఉపాయం ఒకటి చెబుతాము. ఇంట్లో తల్లులు కూడా చేయించవచ్చు. మన పిల్లలు స్టాండ్ అనమంటే ఇస్టాండ్ అంటారు గాని, బస్టాండ్ అనమంటే చక్కగా బస్టాండ్ అంటారు. బస్ ఇస్టాండ్ అని ఎవరూ అనరు. ఎందుకంటే "బ" మీదున్న అచ్చు ఆ పని చేసిపెడుతుంది. కనుక పిల్లవాడిచేత బస్టాండ్, బస్టాండ్ అని పదిసార్లు అనిపించండి. తర్వాత "బ"ను పెదవుల మధ్యనే ఉంచి, మిగిలినది మాత్రం బయటికి రానివ్వమనండి. సైకిలు ట్యూబు నుండి గాలి పోతున్నట్లు "స్‌స్‌స్" అని సాగదీసి, ఆ తర్వాత "టాండ్" అనాలి. స్టాండ్ వచ్చాక స్ట్రాంగ్, స్ట్రిక్ట్, స్మాల్, స్లో అన్నీ వరసగా వస్తాయి. రోజుకు ఐదు నిమిషాలు, పదిహేను రోజులు చాలు. మేము చేయించి చూశాము.

ఇక వ్యాకరణం. ఇక్కడ మన పిల్లలకు లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఉర్దూలో విశేషణం మనిషిని బట్టి మారుతుంది. అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ, అచ్ఛే లడ్కే. తెలుగులో మారదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు. ఇంగ్లీషు ఈ విషయంలో తెలుగువంటిదే. స్మార్ట్ బాయ్, స్మార్ట్ గర్ల్, స్మార్ట్ చిల్డ్రన్. మన పిల్లలు పిల్లలెక్కువైతే విశేషణం చివర కూడా ఎస్ తగిలిస్తారు. స్మార్ట్స్ బాయ్స్ అని రాస్తారు. అప్పుడు మేము, "బేటా, బజారులో తెలుగు మాట్లాడతావు గదా, మంచి పిల్లలు అంటావా, మంచిలు పిల్లలు అంటావా?" అని అడుగుతాము. నవ్వి దిద్దుకుంటారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వచ్చిన పిల్లవాడికి ఇంగ్లీషు నేర్చుకోవటానికి రెండు నిచ్చెనలున్నాయి. ఏ గోడకు ఏ నిచ్చెన వేయాలో చెప్పటమే పంతులు పని.

పోలిక చెప్పేటప్పుడు ఇంకొక సంగతి. స్ట్రాంగ్, స్ట్రాంగర్, స్ట్రాంగెస్ట్ అని ఇంగ్లీషులో మాట చివర మారుతుంది. తెలుగులో చివర మారదు, "కంటే" అనే మాట చేరుతుంది. కాని ఫారసీ నుండి ఉర్దూలోకి వచ్చిన మాటల్లో మారుతుంది. బెహతర్, బెహతరీన్. బద్‌తర్, బద్‌తరీన్. సంస్కృతంలో ప్రియతర, ప్రియతమ అంటారే, ఆ "తర", ఈ ఫారసీ "తర్" ఒక ఇంటివే. ఇది చెబితే మన పిల్లలకు ఇంగ్లీషు పోలికలు తొందరగా పట్టుబడతాయి. పొడుగు మాటలకు మాత్రం చివర మారదు, ముందర మోర్, మోస్ట్ వస్తాయి – మోర్ సక్సెస్‌ఫుల్ అన్నట్లు. మన పిల్లలు రెండూ కలిపి మోర్ స్ట్రాంగర్ అంటారు. అది కూడా ఇంటి అలవాటే. మనం ఉర్దూలో "జ్యాదా బెహతర్" అంటాము గదా. బెహతర్‌లోనే జ్యాదా ఉంది, మళ్ళీ ఇంకొక జ్యాదా ఎందుకు?

విశేషణాలు రెండు మూడు వచ్చినప్పుడు వాటికి వరస ఉంది. ఎ స్మాల్ స్క్వేర్ సిల్వర్ బాక్స్ అనాలి. ముందు కొలత, తర్వాత ఆకారం, చివరకు లోహం. సిల్వర్ స్క్వేర్ స్మాల్ బాక్స్ అంటే తప్పు. మూడూ ఎస్ మాటలే గనుక పిల్లలకు సులభంగా గుర్తుంటుంది.

రాతలో మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో "స" శబ్దాన్ని ఒకచోట ఎస్‌తో, ఇంకొకచోట సి అక్షరంతో రాస్తారు. సిన్సియర్ అనే మాటలో మొదటి "స" ఎస్, రెండవది సి. తెలుగు మీడియం పిల్లవాడు ఇది చూసి ఆశ్చర్యపోతాడు. ఎందుకంటే తెలుగులో పలికినట్లే రాస్తారు. మన పిల్లవాడికి ఇది కొత్త కాదు. సవాబ్‌కు సె, సలామ్‌కు సీన్, సబర్‌కు స్వాద్. శబ్దం ఒకటే, అక్షరాలు మూడు. ఈ మూడింటినీ చిన్నప్పుడే కంఠస్థం చేసినవాడికి ఎస్, సి రెండే గదా! ఆ ధైర్యం మనమే ఇవ్వాలి.

పోలికలను చూసి మోసపోకూడదని కూడా చెప్పాలి. సేఫ్ అంటే క్షేమమైన అని అర్థం. మన పిల్లలు దాన్ని "సాఫ్" అనుకొని, సేఫ్ హ్యాండ్స్ అంటే శుభ్రమైన చేతులు అని రాశారు. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఒకటి లాటిన్ నుండి, ఇంకొకటి అరబ్బీ నుండి వచ్చింది. కాని నిజమైన చుట్టాలు కొన్ని ఉన్నాయి. సేమ్ అనే ఇంగ్లీషు విశేషణం, సంస్కృతంలోని సమ, ఒకే మూలం నుండి పుట్టాయి. స్వీట్, స్వాదు కూడా అంతే. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. పరాయి ఊరిలో బంధువుల ఇల్లు కనబడినట్లుంటుంది.

ఉర్దూ మీడియం అంటేనే ఇంగ్లీషుకు విరోధం అనుకునేవారికి ఒక్క మాట మనవి. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బోధన ఉర్దూలో. కాని ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠ్యాంశం. అంతకు ముందు ఏడే, 1917లో, పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను స్థాపించారు. బాబా-ఎ-ఉర్దూ అని పేరుపొందిన మౌల్వీ అబ్దుల్ హక్ గారు 1937లో పెద్ద ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువును వెలువరించారు. ఉర్దూను ప్రాణంగా చూసుకున్న మనిషే ఇంగ్లీషు నిఘంటువు కోసం అంత శ్రమపడ్డారు. ఒక భాషను ప్రేమించటానికి ఇంకొక భాషకు భయపడనక్కరలేదు.

ఇప్పుడు అర్థాల సంగతికి వస్తాము. ఇక్కడ కాస్త నిదానంగా వినవలసిందిగా కోరుతున్నాము. విశేషణాలు ఎప్పుడూ ఒకే అర్థంతో ఉండవు. కాలం గడిచినకొద్దీ కొన్ని దిగజారుతాయి, కొన్ని పైకి వస్తాయి.

సిల్లీ అనే మాట తీసుకోండి. ఇవాళ దాని అర్థం తెలివితక్కువ, వెర్రి. వెయ్యేళ్ళ క్రిందటి ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం సుఖవంతుడు, దీవెన పొందినవాడు అని. జర్మను భాషలో దీని చుట్టమైన మాట నేటికీ ఆ పవిత్రమైన అర్థంతోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం దీవెన పొందినవాడు కాస్తా అమాయకుడయ్యాడు. అమాయకుడు జాలిపడదగినవాడయ్యాడు. జాలిపడదగినవాడు బలహీనుడై, చివరకు వెర్రివాడయ్యాడు. మంచితనాన్ని లోకం ఎలా చూస్తుందో ఈ ఒక్క మాట ప్రయాణంలో ఉంది.

శాడ్ అంటే ఇప్పుడు దుఃఖం. పూర్వం దాని అర్థం కడుపు నిండిన, తృప్తిపడిన. నిండిన కడుపు బరువు, ఆ బరువు అలసట, ఆ అలసట గంభీరం, ఆ గంభీరం చివరకు దుఃఖం అయింది. స్మార్ట్ దీనికి తిరగబడిన కథ. పూర్వం స్మార్ట్ అంటే మంట పుట్టించేది, నొప్పి కలిగించేది. గాయం మీద ఉప్పు పడితే చురుక్కుమంటుందే, అది. ఆ చురుకు నుండి చురుకైన బుద్ధి, ఆ తర్వాత నీటైన దుస్తులు. ఇప్పుడు మన చేతుల్లోని ఫోనుకు కూడా ఆ బిరుదే తగిలించారు. సొఫిస్టికేటెడ్ అంటే ఇప్పుడు నాగరికమైన, మెరుగులు దిద్దిన. ఒకప్పుడు దాని అర్థం కల్తీ చేసిన అని. స్ట్రిక్ట్ అంటే లాటిన్‌లో బిగించి లాగిన అని. తాడు బిగించినట్లు. పంతుళ్ళమైన మేము ఇది గుర్తుంచుకోవాలి. తాడు బిగిస్తేనే మూట నిలుస్తుంది, మరీ బిగిస్తే తెగుతుంది.

సినిస్టర్ అనే మాట లాటిన్‌లో ఎడమ వైపు అని చెప్పటానికి వాడేవారు. ఇప్పుడు అపశకునమైన, దుష్టమైన అని అర్థం. ఎడమచేత్తో రాసే పిల్లలమీద లోకానికి ఎంత కాలం నుండి అపనమ్మకమో చూడండి. సిన్సియర్ అనే మాట లాటిన్‌లో శుభ్రమైన, కల్తీ లేని అనే అర్థం గల మాట నుండి వచ్చింది. మైనం పూయని విగ్రహం అంటూ దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. అది కథే గాని నిజం కాదని పండితులు తేల్చారు.

ఇంత దూరం ఎందుకు చెప్పుకొచ్చామంటే, మాట ఒకరి నోట ఒక అర్థంతో బయలుదేరి, ఇంకొకరి చెవిలో వేరే అర్థంతో పడుతుంది. వెయ్యేళ్ళలోనే కాదు, ఒక్క రోజులో కూడా పడుతుంది. ఇప్పుడు మా మూడవ కారణం చెబుతాము.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, పద్ధెనిమిదేళ్ళ క్రిందట, ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి తోపుడు బండిమీద పండ్లు అమ్మేవాడు. అబ్బాయి నెమ్మదస్తుడు. బోర్డుమీద ఉన్నది అందరూ రాసుకొని బయటికి పోయినా, వీడు ఇంకా సగంలోనే ఉండేవాడు. కారణం, ప్రతి అక్షరాన్నీ అచ్చు గుద్దినట్లు రాసేవాడు. ఉర్దూ కుడి నుండి, ఇంగ్లీషు ఎడమ నుండి. రెండూ అందంగా రాసేవాడు. మూడు నెలల పరీక్షల తర్వాత ప్రోగ్రెస్ కార్డులు రాస్తున్నాము. నలభై ఎనిమిది కార్డులు, ఒక్క సాయంత్రం. అభిప్రాయం రాసే గడి రెండు వేళ్ళ వెడల్పు. అందులో మేము ఇంగ్లీషులో ఒక్క మాట రాశాము. స్లో.

మా మనసులో ఉన్నది చేతి వేగం. కొంచెం తొందరగా రాయటం నేర్పించండి అని అర్థం.

తండ్రికి చదువు రాదు. ఆ కార్డును హోటలు దగ్గర టీ తాగుతున్న ఎవరికో చూపించాడట. ఆ పెద్దమనిషి చూసి, "నీ కొడుకు మందబుద్ధి అని రాశారు" అన్నాడట. దసరా సెలవుల తర్వాత అబ్బాయి బడికి రాలేదు. వారం చూసి మేము ఇంటికి వెళ్ళాము. తండ్రి మర్యాదగా మంచం వాల్చి, కూర్చోబెట్టి, "మాస్టర్ సాబ్, మీరే రాశారు గదా. రాని చదువు చదివించి పిల్లవాణ్ణి బాధపెట్టడం ఎందుకు? మామూ దగ్గర వెల్డింగు పనిలో పెట్టాను. పనైనా వస్తుంది" అన్నాడు. మేము ఎన్ని విధాల చెప్పినా, ఓదార్చటానికి చెబుతున్నామనుకున్నాడు. చేత్తో రాసినదాని ముందు నోటితో చెప్పినది నిలబడలేదు. తల్లి తలుపు వెనక నుండి, "వాడికి చదువంటే ఇష్టమే భాయీ సాబ్" అన్నది ఒక్కసారి. అంతే. మేము బడికి వచ్చి, హాజరు పట్టీలో వాడి పేరు ఎదుట బడి మానినట్లు రాసుకున్నాము. అది కూడా మా చేతి రాతే.

ఆరేడేళ్ళు గడిచాయి. ఒకనాడు బస్టాండులో ఒక యువకుడు వచ్చి సలాం చేశాడు. చేతులమీద నిప్పురవ్వల మచ్చలున్నాయి. మేము గుర్తుపట్టలేదు, తనే చెప్పాడు. పని బాగానే ఉందన్నాడు. కోపమేమీ చూపలేదు. బస్సు కదలబోతుంటే మాత్రం, "సార్, మా తమ్ముణ్ణి ఈ ఏడు మీ బడిలోనే వేశాడు అబ్బా. వాడి కార్డుమీద కొంచెం చూసి రాయండి" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళుగా ఎన్ని కార్డులు రాశామో, ఎన్ని గడుల్లో ఎన్ని మాటలు విసిరామో లెక్క లేదు. స్లో, సిల్లీ, స్టబర్న్, షై. ఒక్కొక్కటి రాయటానికి ఒక్క క్షణం పట్టేది. పరీక్ష పేపరులో పిల్లవాడు తప్పు రాస్తే మేము ఎర్రసిరాతో దిద్దుతాము. మేము కార్డులో తప్పు రాస్తే దిద్దేవాడు ఎవడు?

మన దీన్‌లో ఈ విషయమై స్పష్టమైన ఆదేశమే ఉంది. సూరా హుజురాత్ 11వ ఆయత్‌లో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ బిరుదులతో పిలుచుకోవద్దని చెప్పబడింది. మేము దాన్ని వీధిలో తిట్లకు సంబంధించినదనే అనుకునేవారము. ప్రోగ్రెస్ కార్డుకు కూడా వర్తిస్తుందని అప్పుడు తెలిసివచ్చింది.

ఆ తర్వాత మేము మూడు నియమాలు పెట్టుకున్నాము. మొదటిది, పిల్లవాడిమీద ఒక్క మాటతో తీర్పు రాయము. రాస్తే వాక్యం రాస్తాము, అదీ తల్లిదండ్రుల భాషలో. "అక్షరాలు చాలా అందంగా రాస్తాడు, వేగం పెరగాలి, ఇంట్లో రోజూ ఒక పేజీ రాయించండి" అని రాస్తే ఎవరు చదివి వినిపించినా అర్థం చెడదు. రెండవది, విశేషణం మనిషికి గాక పనికి తగిలిస్తాము. పిల్లవాడు స్లో కాదు, వాడి రాత స్లో. రాత మారుతుంది. మనిషికి తగిలించిన మాట మాత్రం అతుక్కుపోతుంది. మూడవది, లోపం ఒకటి రాస్తే మంచి ఒకటి వెతికి రాస్తాము. ఎస్ అక్షరంలో మంచి మాటలకు కరువు లేదు. స్టెడీ ఉంది, సెన్సిబుల్ ఉంది, సిన్సియర్ ఉంది, స్టూడియస్ ఉంది. ఆ అబ్బాయికి ఆ రోజు స్టెడీ అని రాసి ఉండవచ్చు. నిలకడగలవాడు అని. అదీ నిజమే. ఒకే పిల్లవాడు, ఒకే నిజం, రెండు మాటలు. ఒకటి బడి నుండి పంపేస్తుంది, ఇంకొకటి బడిలో నిలుపుతుంది.

వాడి తమ్ముడు మా దగ్గరే పదో తరగతి వరకు చదివి, పాసై, కాలేజీలో చేరాడు. ఇందులో మా గొప్ప ఏమీ లేదు. అన్న చెప్పిన మాటను మేము మరిచిపోలేదు, అంతే.

చివరగా సంఘం పెద్దలకు రెండు మనవులు. మన వాడలో బడి నుండి వచ్చే కార్డులు, నోటీసులు, స్కాలర్‌షిప్పు కాగితాలు చదవలేని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. వారు ఆ కాగితం పట్టుకొని హోటలు దగ్గరికో, కిరాణా కొట్టు దగ్గరికో పోతున్నారు. ప్రతి ఆదివారం ఉదయం ఒక గంట సంఘ కార్యాలయంలో చదువుకున్న యువకులు ఇద్దరు, స్త్రీల కోసం చదువుకున్న అమ్మాయి ఒకరు కూర్చొని, ఆ కాగితాలు చదివి సరైన అర్థం చెప్పే ఏర్పాటు చేయండి. దీనికి బిల్డింగు ఫండు అక్కరలేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక మంచి నిఘంటువు చాలు. మేము కూడా వంతు వేసుకుంటాము. అటువంటి బల్ల ఒకటి అప్పుడుండి ఉంటే, ఒక పండ్ల బండి తండ్రి సరైన మాట విని ఇంటికి పోయి ఉండేవాడు.

రెండవ మనవి ఇక్కడున్న అందరికీ. మన బిడ్డ ఎవరైనా వేదిక ఎక్కి ఇస్ట్రాంగ్ అంటే, నవ్వకండి. సభ అయిపోయాక పక్కకు పిలిచి, "బేటా, బస్టాండ్ అను" అనండి. మిగతాది అదే వస్తుంది.

 పిల్లలూ, మీరు ఇప్పుడు లేవవచ్చు. సమోసాలు చల్లారిపోతున్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఆ మాట కూడా ఎస్ అక్షరంతోనే మొదలవుతుంది, కాని అది విశేషణం కాదు.

ఖుదా హాఫిజ్.